పెద్దల కోసం గ్రంథాలయంలో ఒక బల్ల

‘డిజిటల్ అరెస్టు’ అనేది మన చట్టంలో లేదు. పోలీసులు గానీ, సీబీఐ గానీ, జడ్జి గానీ వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఈ సంగతి దేశమంతటికీ చెప్పారు. అయినా పెద్దవాళ్లు జీవితమంతా దాచుకున్న సొమ్మును మోసగాళ్ల ఖాతాలకు పంపుతూనే ఉన్నారు. వీరిలో బాగా చదువుకున్నవారూ, ఉద్యోగాలు చేసి రిటైరైనవారూ ఉన్నారు. ఫోను పెట్టవద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు అన్న రెండు మాటలే వారిని లొంగదీస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ‘ఇది నిజమేనా’ అని అడగడానికి పక్కన మనిషి ఉండడు.

గ్రంథాలయాల మాట మేము ఎత్తుతున్నది అందుకే. శాఖా గ్రంథాలయానికి పొద్దున్నే వచ్చేదెవరు? పోటీ పరీక్షల కుర్రవాళ్లు, పేపరు చదువుకునే పెద్దవాళ్లు. బ్యాంకులో క్యూ ఉంటుంది, పోలీసు స్టేషనంటే బెరుకు. గ్రంథాలయం మెట్లెక్కడానికి ఎవరూ సంకోచించరు. పైగా 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సుగా కడుతున్నది మనమే. (అది గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే.)

పెద్ద పథకమేమీ అక్కరలేదు. వారానికి ఒక పూట ఒక బల్ల వేయాలి. అనుమానం కలిగించిన మెసేజీని పెద్దలు తెచ్చి అక్కడ చూపించాలి. నెలకొకసారి సైబర్ పోలీసులో, బ్యాంకువారో వచ్చి కూర్చుంటే ఇంకా మేలు. గోడమీద 1930 నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. డబ్బు పోయిన వెంటనే ఆ నంబరుకు చెబితే, సొమ్ము మరో ఖాతాకు దాటిపోకముందే ఆపే అవకాశం ఉంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదన్న ఒక్క ముక్క తెలిసినా ఎన్నో చిన్న మోసాలు ఆగుతాయి. లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి ఓటీపీ అడిగేవారి సంగతీ అక్కడే చెప్పవచ్చు.

చాలాచోట్ల గ్రంథపాలకుల పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఉన్న కొద్దిమంది నెత్తిన ఈ పని కూడా పెట్టడం న్యాయం కాదు. మన సంఘాల్లో బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవారు ఉన్నారు, ఫోను సంగతులు బాగా తెలిసిన యవనస్థులు ఉన్నారు. వారానికి రెండు గంటలు వారు ఇవ్వగలరు. అయితే పెద్దవారి ఫోను పెద్దవారి చేతిలోనే ఉండాలి. సాయం చేసేవారు పిన్ అడగకూడదు, పాస్‌బుక్కు తీసుకోకూడదు. అక్కడికి వచ్చినవారిలో ఎవరైనా డబ్బు పోగొట్టుకుని ఉంటే, ఆ మాట ఆదివారం మందిరం ఆవరణలో వినబడకూడదు.