ఒక్క మేకేగా బాసూ!

మొన్న ఫ్రెండుతో కలిసి డెత్ వ్యాలీలోని పానమింట్ సిటీకి హైకింగుకి వెళ్ళా. 1870ల్లో వెండి కోసం పుట్టిన ఊరు. వెండి అడుగంటింది, 1876 వరద ఊడ్చేసింది. ఇప్పుడు మిగిలినవి ఓ ఇటుకల పొగగొట్టం, కాసిని మొండిగోడలు, తుప్పు.

మావాడు ఓ పాత మేకు తీసి బ్యాగులో వేశాడు. "ఒక్క మేకేగా బాసూ!" అట.

నేషనల్ పార్కులోంచి ఏదీ పట్టుకెళ్ళకూడదన్న రూలు సంగతి పక్కనపెట్టండి. హంపీలో రాళ్ళమీద పేర్లు చెక్కినవాణ్ణి బూతులు తిట్టింది వీడే కదా! వాడూ "ఒక్క పేరేగా" అనుకునే చెక్కుంటాడు. "ఒక్క లైనేగా" అని టెస్టు చెయ్యకుండా ప్రొడక్షన్లో పెట్టేవాడూ అంతే.

పోట్లాడి మేకు అక్కడే పెట్టించా. కార్లో ఇంటిదాకా మాటల్లేవు. దిగేముందు మాత్రం, నా డెస్కు మీది ఎర్రరాయి ఎక్కడిదని అడిగాడు.