2021 పాటలు: రాసిందెవరు?

నవంబర్ 30 సాయంత్రం మెస్‌లో టీ తాగుతుంటే సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు ఇక లేరని వార్త. పావుగంటలో అందరి స్టేటస్‌లూ ఆయన పాటలే. నేనూ ఒకటి పెట్టాను. చిన్నప్పటి నుంచీ ప్రాణం పెట్టి వినే పాట, పక్కన ఆయన ఫొటో, కింద చేతులు జోడించిన బొమ్మ. రాత్రి నాన్న మెసేజ్: "అది వేటూరిది రా. తీసెయ్."

ఏ పాటో మాత్రం చెప్పను. అప్పటికే నూట ఇరవై మంది చూశారు, అందులో మన క్లబ్బు వాళ్లు పదిహేను మంది. ఒక్కళ్లు కూడా తప్పని చెప్పలేదు. మర్యాదకు ఊరుకున్నారా, వాళ్లకీ తెలియదా? రెండోదే అయ్యుంటుందని నా అనుమానం.

మర్నాడే స్పాటిఫై వాడు ఏడాది లెక్క పంపించాడు. ఎన్ని వేల నిమిషాలు విన్నావు, ఏ పాట ఎన్నిసార్లు విన్నావు, నీ టాప్ ఆర్టిస్టు ఎవరు, అంతా రంగురంగుల బొమ్మల్లో. నా టాప్‌లో సిద్ శ్రీరామ్, తర్వాత తమన్, దేవిశ్రీ. ఆ లెక్కలో పాట రాసినవాడు ఒక్కడూ లేడు. యాప్‌ని తిట్టుకుందామనిపించింది గానీ, నాన్న మెసేజ్ వచ్చి ఇంకా ఒక్కరోజే అయింది. తిట్టడానికి మొహం చెల్లలేదు.

అందుకని 2021 పాటల గురించి రాయమంటే టాప్ టెన్ రాయబుద్ధి కాలేదు. ఈ ఏడాది నేను విన్న పాటల్లో మాటలు ఎవరివి, అదొక్కటే అడగాలనుకున్నాను. రేడియో రోజుల్లో పాటకి ముందు సినిమా పేరు, పాడినవాళ్లు, స్వరపరిచినవాళ్లు, రచన ఫలానా అని చదివేవాళ్లట. నాన్నకి ఎవరి పాటో ఠక్కున తెలిసేది అందువల్లే. మనకేమో లిరికల్ వీడియో వచ్చింది. పేరేమో లిరికల్. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎగురుతుంటాయి, రాసినాయన పేరు మొదట్లో కనురెప్ప వేసేలోపు వెళ్లిపోతుంది.

ఏడాది మొదలైందే ఒక రచయిత మరణంతో. జనవరి 5న వెన్నెలకంటి పోయారు. డబ్బింగ్ సినిమాలకి పాటలూ మాటలూ ఎన్నో రాసిన మనిషి. అవతలి భాషలో నటుడి పెదవి కదిలిన చోట తెలుగు మాట అతికించడం ఎంత కష్టమో, క్లబ్బులో ఒకసారి సరదాకి ప్రయత్నించినవాళ్లకి తెలుసు. మేం నాలుగు లైన్లకే చేతులెత్తేశాం. మేలో 'అమెరికా అమ్మాయి' గాయకుడు జి. ఆనంద్‌ని కరోనా తీసుకెళ్లింది. అప్పుడు మనమంతా ఇళ్లలో ఆన్‌లైన్ క్లాసుల్లో వీడియో ఆఫ్ చేసి, చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాం. ఏడాది చివర్లో సిరివెన్నెల. పేరులో వెన్నెల ఉన్నవాళ్లు ఇద్దరూ ఒకే ఏడాదిలో వెళ్లిపోయారు.

మధ్యలో పాటలు రాలేదా అంటే బోలెడు వచ్చాయి. ఉప్పెన పాటలు థియేటర్లు తెరిచేదాకా ఫోన్లలోనే ముదిరాయి. 'చిట్టి' పాట మా బ్లాక్‌లో ఎంత మోగిందంటే పక్క గది వాడు ఇయర్‌ఫోన్స్ కొనిస్తానన్నాడు. వీటి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, అందరం విన్నవే.

పుష్ప దగ్గర కాస్త ఆగాలి. పాటలన్నీ చంద్రబోస్ ఒక్కరే రాశారు. జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చదివిన మనిషి కాబట్టి మనవాడే అని కాలర్ ఎగరేసుకోవచ్చు. 'శ్రీవల్లి'లో ఉన్నది చాలా చిన్న అలక. గుళ్లో దేవుణ్ణి కన్నార్పకుండా చూస్తావు, ఎదురుగా ఉన్న నన్ను చూడవేం అని. ఎర్రచందనం కూలీకి అంత నాజూకైన ఫిర్యాదు ఇవ్వడమే అందం. కానీ నేను ఆ పాటని నెలరోజులు విన్నాక గానీ ఆ సంగతి గమనించలేదు. కారణం నా పరాకు సగం, సిద్ శ్రీరామ్ సగం. ఆయన గొంతంటే నాకు పిచ్చి, నా టాప్ ఆర్టిస్టే. అయినా ఒక్క మాట: ఆయన నోట్లో మన హల్లులు కరిగిపోతాయి. ఒత్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. రాగం బాగుంది కదా అని మనం క్షమించేస్తున్నాం, కానీ మనం క్షమించేది రాసినవాడికి జరిగిన నష్టాన్ని. ఆ హక్కు మనకి ఎవరిచ్చారు?

'ఊ అంటావా' మీద కూడా గొడవే జరిగింది. మగవాళ్లని అవమానించారని ఒక పురుషుల సంఘం కేసు దాకా వెళ్లింది. మాటలు చదివితే వాటిలో నిజంగానే పస ఉంది. చిక్కల్లా కెమెరాతో వచ్చింది. మాటలు ఏ చూపుని తిడుతున్నాయో తెర మీద కెమెరా సరిగ్గా ఆ చూపే చూస్తోంది. ఇంద్రావతి చౌహాన్ గొంతులో మాత్రం ఆ వెక్కిరింత చెక్కుచెదరలేదు. ఈ పాట కళ్లు మూసుకుని వింటేనే న్యాయం.

డిసెంబర్ 24న శ్యామ్ సింగరాయ్‌కి ఐదుగురం వెళ్లాం. సిరివెన్నెల చివరి పాటలు రెండు అందులో ఉన్నాయి, ఒక పాటకి 'సిరివెన్నెల' అనే పేరు. 'ప్రణవాలయ' మొదటిసారి విన్నప్పుడు సగం అర్థం కాలేదు. హాస్టల్‌కొచ్చి ఆంధ్రభారతి నిఘంటువు ముందేసుకుని ఒక్కో మాట వెతికాను. ఒక పాట కోసం నిఘంటువు తెరవడం నా జీవితంలో అదే మొదలు. ఆయన బతికుండగా ఒక్కసారైనా తెరవాల్సింది.

ఇంతవరకు పేరు ఉండీ మనం చదవనివాళ్ల సంగతి. అసలు పేరే లేనివాళ్లు కూడా ఈ ఏడాది మన ఫోన్లలోకి వచ్చారు. లవ్ స్టోరీలో 'సారంగ దరియా' జానపదం. ఆ పల్లవి పట్టుకుని సుద్దాల అశోక్‌తేజ చరణాలు రాశారు, మంగ్లీ పాడింది. దాని మీద వివాదం నడిచింది. ఈ పాటని ముందు టీవీలో పాడి వెలుగులోకి తెచ్చింది నేను అని ఒక జానపద గాయని అడిగారు. నా మటుకు ఆవిడ అడగడం న్యాయమే అనిపించింది. అలాగే అశోక్‌తేజ చరణాలు ఆయనవే, అదీ నిజమే. 2012లో కాపీరైట్ చట్టం సవరించి, సినిమా పాట రాసినవాళ్లకీ స్వరపరిచినవాళ్లకీ రాయల్టీలో వాటా ఉండాలన్నారు. మంచిదే. కానీ వందమంది నోళ్లలో పుట్టిన పల్లవికి వాటా ఎవరి ఖాతాలో వెయ్యాలి?

భీమ్లా నాయక్ టైటిల్ పాట సెప్టెంబర్ 2న వచ్చింది. అప్పటికి సినిమా ఇంకా రాలేదు. ఆ పాట మొదట్లో పన్నెండు మెట్ల కిన్నెరతో వినిపించే దర్శనం మొగులయ్యకి 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. డిసెంబర్ చివర్లో గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇద్దరిదీ నాగర్‌కర్నూలు జిల్లానే. పాటగాడి పుస్తకాన్ని సాహిత్యం అని ఒప్పుకున్నందుకు సంతోషించాను. మొగులయ్య విషయంలో మాత్రం కొంచెం సిగ్గేసింది. ఆయన ఎన్నో ఏళ్లుగా ఆ కిన్నెర పట్టుకుని తిరుగుతుంటే, నాకు తెలియడానికి ఒక స్టార్ హీరో పుట్టినరోజు కావాల్సొచ్చింది.

ఒమిక్రాన్ పుణ్యమా అని సంక్రాంతి సెలవులు నెలాఖరు దాకా పొడిగించారు కదా, జనగామ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయాను. అక్కడ 'సారంగ దరియా' పెట్టాను. అమ్మమ్మ కొంచెం విని, తనూ అందుకుంది. మాటలు వేరే. "తప్పు పాడుతున్నవ్ అమ్మమ్మా" అన్నాను. నిజంగా అన్నాను. ఆమె పాడడం ఆపేసి నా మొహం చూసి, "గట్లనా బిడ్డా, ఫోన్లున్నదే కరెక్టేమో తీ" అని పొయ్యి దగ్గరికి పోయింది.

మళ్లీ పాడించడానికి రెండు రోజులు పట్టింది. నాటు పాటలు ఇరవై దాకా వచ్చేవట, ఇప్పుడు పూర్తిగా గుర్తున్నవి మూడు. ఒకదానికి చివరి చరణం లేదు. ఆ చరణం పక్కింటి ఎల్లమ్మ ఎత్తుకునేదట, ఆమె పోయి నాలుగేళ్లయింది. మూడూ ఫోన్‌లో రికార్డు చేశాను. మధ్యలో కోడి కూత, మామయ్య దగ్గు కూడా పడ్డాయి. ఫైల్‌కి పేర్లు పెడుతూ అడిగాను, ఇవి ఎవరు రాసిండ్రు అని.

"రాసుడేంది? వంగి నాటేస్తుంటే నడుము నొయ్యదా?" అంది.

రచయిత గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఎల్లమ్మ పేరు మాత్రం మూడో పాట పక్కన రాసుకున్నాను.