హిందూపురం శాసనసభ్యులు నందమూరి బాలకృష్ణ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

క్యాన్సర్‌తో కన్నుమూసిన మీ అమ్మగారు బసవతారకం గారి పేరిట ఎన్టీఆర్ గారు తలపెట్టిన ఆసుపత్రి 2000లో హైదరాబాద్‌లో మొదలైంది. దాన్ని ఇప్పుడు ఛైర్మన్‌గా మీరు నడుపుతున్నారు. అమ్మ పోయిన దుఃఖాన్ని పదిమందికి నీడగా మార్చిన ఇల్లు మీది. అందుకే మీకే రాస్తున్నాను.

మా అమ్మ రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు గదా అనుకుంది. "శెనక్కాయ పెరికినాక చూపించుకుందాంలే" అని కొంగు సర్దుకొని చేలోకి పోయింది. కూలి పోతుందన్న బెంగ ఒకటి, మగ డాక్టరంటే సిగ్గు ఒకటి. కాయలు కళ్లానికి చేరేసరికి గడ్డ చంకలోకి పాకింది. వాన మొహం చాటేసిన ఏడాది మా అనంతపురం ఆడవాళ్లు ముందు మానేసేది తమ వైద్యమే.

ఇప్పుడు మా ఊరి ఆడవాళ్లను నేనే వెంటబెట్టుకొని క్యాన్సర్ పరీక్షలకు పోతున్నాను. నొప్పి లేని గడ్డనూ వదిలేయొద్దని ఇంటింటా చెబుతున్నాను. ఒక్కదాన్ని ఎన్ని ఊళ్లు తిరగగలను? మడకశిర, కళ్యాణదుర్గం, రాయదుర్గం పల్లెలకు పరీక్షల బస్సు పంపించండి. మహిళా డాక్టరు ఉండాలి. విత్తనం పడకముందే, చేలో పని లేని ఎండాకాలంలోనే రావాలి. గడ్డ బయటపడిన మనిషికి దారిఖర్చు, తోడు కూడా చూడండి.

ఇట్లు,
కళ్యాణదుర్గం ప్రాంతపు ఓ రైతు కూతురు