కారు చూసింది.. కోర్టు నమ్మేనా?

డ్యాష్ కెమెరా కొనడం కంటే దృశ్యాన్ని భద్రపరచడమే కీలకం

విశాఖపట్నం: రోడ్డు ప్రమాదంలో ఇంటిపెద్దను కోల్పోయిన కుటుంబానికి చట్టం రెండు దారులు చూపుతోంది. ఢీకొన్న వాహనం ఏదో తెలిస్తే మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మృతుని వయసు, సంపాదన, ఆయనపై ఆధారపడినవారి సంఖ్యను బట్టి అక్కడ పరిహారం నిర్ణయమవుతుంది. వాహనానికి బీమా ఉంటే ఆ సొమ్మును సాధారణంగా బీమా సంస్థే చెల్లిస్తుంది. వాహనం ఏదో తెలియకుంటే మిగిలేది 161వ సెక్షన్ ఒక్కటే. దాని కింద మృతుని కుటుంబానికి దక్కేది 2 లక్షల రూపాయలు. తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు. 2022 ఏప్రిల్ 1కి ముందైతే ఈ మొత్తాలు వరుసగా 25 వేలు, 12,500 మాత్రమే.

ఈ రెండు దారుల మధ్య ఉన్న తేడా ఒక్క నంబరు ప్లేటు. అర్ధరాత్రి వేళ ఢీకొట్టి వెళ్లిపోయిన లారీ నంబరు చూసిన మనిషి లేనప్పుడు, వెనకాలే వచ్చిన ఏదో కారు అద్దానికి అతికించిన చిన్న కెమెరా దాన్ని చూసి ఉండవచ్చు. కార్లలో డ్యాష్ కెమెరాల విషయాన్ని కేవలం షోకుగానో, సొంత బీమా క్లెయిముకు పనికొచ్చే వస్తువుగానో చూడలేకపోవడానికి కారణం ఇదే.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. వీరిలో 30 వేల మందికి పైగా, ఢీకొట్టి పారిపోయిన వాహనాలకు బలైనవారే. మొత్తం మృతుల్లో ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం. కెమెరా ఉండేది కారులో. ప్రాణం పోయేది ఎక్కువగా కెమెరా లేనివారిది. అందుకే కారులోని కెమెరా దాని యజమానికి మాత్రమే కాక వీధికంతటికీ సాక్షి అవుతుంది.

ఓడరేవు నగరంలో అవసరం ఎక్కువ

విశాఖ రోడ్లకు ఒక ప్రత్యేకత ఉంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, గాజువాక దాటాక ఉక్కు కర్మాగారం, మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం, ఆపైన గంగవరం ఓడరేవు, పరవాడ ఔషధ పరిశ్రమలు.. వీటన్నిటి సరకు మోసే భారీ వాహనాలు నగరవాసుల కార్లు, ద్విచక్ర వాహనాలతో కలిసే నడుస్తాయి. ఒకప్పటి 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా నగరం నడిబొడ్డునే సాగుతుంది. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి బైపాస్ వచ్చినా ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి రాకపోకలు సాగించే లారీలకు నగర రహదారి తప్పదు. వీటిలో అనేకం పరాయి రాష్ట్రాల వాహనాలు. తెల్లారేసరికి జిల్లా సరిహద్దు దాటిపోతాయి.

కూడళ్లలో పోలీసు కెమెరాలున్నా, కూడలికీ కూడలికీ మధ్యనున్న దూరమంతటినీ అవి కాపు కాయలేవు. ఆ ఖాళీని పూరించగలిగేది రోడ్డుపై కదిలే కెమెరాయే.

ప్రైవేటు కార్లలో డ్యాష్ కెమెరా ఉండి తీరాలనే నిబంధన దేశంలో లేదు. అమర్చుకోరాదనే నిషేధమూ లేదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో చేర్చిన 167ఏ నిబంధన, ట్రాఫిక్ ఉల్లంఘనలను నమోదు చేసే పరికరాల జాబితాలో డ్యాష్‌బోర్డు కెమెరాను కూడా పేర్కొంది. అయితే అది అధికారులు వాడే, ఆమోద ధ్రువపత్రం పొందిన పరికరాలకు సంబంధించినది. సొంత కారు కెమెరాతో ఎదుటివారికి జరిమానా వేయించవచ్చనుకోవడం పొరపాటు.

కొనేముందు చూడవలసినవి

మార్కెట్లో మూడు నాలుగు వేల రూపాయల నుంచి ఇరవై వేలు దాటినవాటి వరకు దొరుకుతున్నాయి. ప్రకటనల్లో మొదట కనిపించేది 'ఫోర్ కే', 'టూ కే' వంటి స్పష్టత అంకెలు. ఆ అంకె కన్నా ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. రాత్రి వేళ, ఎదురు వాహనం హెడ్‌లైట్ల వెలుగులో, ముందు వెళ్లే వాహనం నంబరు చదవగలుగుతున్నామా అన్నదే ఆ పరీక్ష. ఇప్పటి హైసెక్యూరిటీ నంబరు ప్లేట్లు కాంతిని తిప్పికొడతాయి. నాసిరకం కెమెరాలో అవి తెల్లని పలకలుగానే మిగిలిపోతాయి. వెలుగునీడలను సరిచేసే హెచ్‌డీఆర్ సదుపాయం, మంచి సెన్సర్ ఉన్న సాధారణ స్పష్టత కెమెరా, అవి లేని 'ఫోర్ కే' కంటే మేలు. కొనేముందు ఆ నమూనాతో రాత్రి తీసిన దృశ్యాన్ని చూపమని అడగడం కొనుగోలుదారు హక్కు.

కటకం ఎంత వెడల్పుగా చూస్తే అంత మంచిదన్న భావన కూడా సరికాదు. 170 డిగ్రీలు చూసే కెమెరాలో రోడ్డంతా కనిపిస్తుంది గాని ఎదుటి నంబరు చిన్నదైపోతుంది. 140 డిగ్రీలకు అటూఇటూగా ఉన్నవి ఈ రెండింటికీ మధ్యే మార్గం. వెనక నుంచి ఢీకొనే లారీలను పట్టుకోవాలంటే వెనక అద్దానికి రెండో కెమెరా అవసరం.

విశాఖ ఎండ, ఉక్కపోతలను దృష్టిలో పెట్టుకుంటే మరో అంశం కీలకమవుతుంది. ఎండలో నిలిపిన కారులో అద్దం దగ్గరి వేడి బయటి ఉష్ణోగ్రతను ఎంతో మించిపోతుంది. లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాలు ఆ వేడికి ఉబ్బి పాడయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నవి ఎండను తట్టుకుంటాయి. సముద్రపు గాలికి అద్దం లోపలి వైపు పేరుకునే మసక పొరను వారానికోసారి తుడవకుంటే ఎంత ఖరీదైన కటకమైనా చూపు కోల్పోతుంది.

మెమరీ కార్డు దగ్గర పొదుపు చేసేవారే ఎక్కువ. సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో చిత్రీకరిస్తే గంటకు ఏడు గిగాబైట్లకు కొంచెం తక్కువ పడుతుంది. ఆ లెక్కన 64 జీబీ కార్డు సుమారు తొమ్మిదిన్నర గంటలకు నిండి, పాత దృశ్యాలపై కొత్తవి రాయడం మొదలవుతుంది. నిరంతరం చెరిపి రాసే ఈ పనికి ఫోన్లలో వాడే మామూలు కార్డులు నిలవవు. 'హై ఎండ్యూరెన్స్' అని రాసి ఉన్న కార్డులే వాడాలి. కార్డు పాడైన సంగతి తరచుగా ప్రమాదం జరిగాకే బయటపడుతుంది. కాబట్టి నెలకోసారి దృశ్యాలు నమోదవుతున్నాయో లేదో చూసుకోవడం అవసరం.

అమరికలో పొరపాట్లు

కెమెరాకు సరైన చోటు లోపలి అద్దం వెనుక, డ్రైవరుకు ఎడమ పక్కన, వైపర్ తుడిచే మేరలో. డ్రైవరు చూపునకు అడ్డు రాకూడదు. వాన సెన్సర్, కారు కంపెనీ అమర్చిన ఇతర కెమెరాలు ఉంటే వాటికీ దూరంగా ఉంచాలి.

తీగ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ముందు అద్దం పక్కనున్న స్తంభం లోపల ఎయిర్‌బ్యాగు ఉంటుంది. తీగను దాని మీదుగా కాక వెనుకగా పంపాలి. లేకుంటే ప్రాణం కాపాడవలసిన ఎయిర్‌బ్యాగు విచ్చుకోవడానికి తీగే అడ్డవుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటే కారులోని తీగలను ముట్టుకోనవసరం లేదు. ఆపి ఉంచినప్పుడు కూడా కాపలా కాయాలనుకుంటే ఫ్యూజు బాక్సు నుంచి తీసుకోవాలి. అప్పుడు కారు తీగలను కోయకుండా ఫ్యూజు ట్యాప్‌తో కలపాలి. బ్యాటరీ వోల్టేజీ తగ్గగానే దానంతట అదే ఆగిపోయే పరికరం కూడా తప్పనిసరి. అది లేకపోతే తెల్లవారి కారు కదలదు. తీగలు కోసి అతికిస్తే వారంటీ విషయంలో కంపెనీ పేచీ పెట్టే అవకాశమూ ఉంది.

అన్నిటికన్నా చిన్నదిగా కనిపించి అన్నిటికన్నా పెద్ద చిక్కు తెచ్చేది గడియారం. తేదీ, సమయం సరిచేయకుండా వదిలేసిన కెమెరాలో ప్రమాదం వేరే రోజున, వేరే గంటలో జరిగినట్లు కనిపిస్తుంది. ఎదుటి న్యాయవాదికి అంతకు మించిన ఆయుధం అక్కర్లేదు. జీపీఎస్ ఉన్న కెమెరాలు ఉపగ్రహాల నుంచి సమయం తీసుకుంటాయి. వాటిలో సైతం భారత కాలమానం ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి.

కోర్టు అడిగేది ఇదీ..

కెమెరా చూసినంత మాత్రాన సాక్ష్యం కాదు. ఎలక్ట్రానిక్ రికార్డుల నకళ్లకు ధ్రువపత్రం ఉండి తీరాలని 2014లో అన్వర్ కేసులోను, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులోను సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మూల పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యమిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని రెండో తీర్పు తెలిపింది. ఆ తీర్పులు పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్‌పై వచ్చినవి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఆ స్థానాన్ని 63వ సెక్షన్ తీసుకుంది. ధ్రువపత్రం నమూనాను చట్టం అనుబంధంలోనే ఇచ్చారు. అందులో మొదటి భాగాన్ని పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారు, రెండో భాగాన్ని నిపుణుడు పూరించాలి. ఫైలు 'హ్యాష్' విలువను కూడా నమోదు చేయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. వేలిముద్ర వంటిదన్నమాట.

వాట్సాప్ అలవాటు చేటు తెచ్చేది ఇక్కడే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది. అసలు ఫైలులోని వివరాలు చెదిరిపోతాయి. హ్యాష్ విలువ మారుతుంది. పది గ్రూపుల్లో తిరిగిన దృశ్యం సంచలనమవుతుందేమో గాని, అసలు కార్డు చెరిగిపోయాక దాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. ప్రమాదం జరిగినా, కళ్లెదుట చూసినా చేయవలసిన మొదటి పని ఆ దృశ్యాన్ని చెరిగిపోకుండా లాక్ చేయడం. తర్వాత కెమెరా ఆపి, కార్డు తీసి, దాన్ని అలాగే భద్రపరచాలి. ఆ కార్డుపై మళ్లీ చిత్రీకరించరాదు. పోలీసులకు అప్పగించేటప్పుడు రసీదు తీసుకోవాలి.

కోర్టుల చుట్టూ తిరగాలన్న భయమే చాలామంది నోరు నొక్కుతోంది. అయితే ప్రమాద బాధితుని ఆదుకున్నవారికి 2019 సవరణతో చేరిన 134ఏ సెక్షన్ రక్షణ కల్పించింది. వారిని పేరు చెప్పమని పోలీసులు బలవంతపెట్టరాదని, స్వచ్ఛందంగా సాక్షిగా ఉండేందుకు ముందుకొస్తే వారికి వీలైన చోట, వీలైన వేళ విచారించాలని 2020లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి.

యజమానికీ సాక్షే

డ్యాష్ కెమెరాకు స్వపక్షం, పరపక్షం ఉండవు. తప్పు యజమానిదైతే అదీ నమోదవుతుంది. జీపీఎస్ ఉంటే కారు వేగం కూడా తెరపై అచ్చవుతుంది. డిజిటల్ సాక్ష్యం ఉండే పరికరాలను అప్పగించమని ఆదేశించే అధికారాన్ని భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కల్పించింది. కోర్టుకు చేరకుండా ఎలక్ట్రానిక్ రికార్డును చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే గతంలో రెండేళ్లుగా ఉన్న గరిష్ఠ శిక్షను అదే సంహిత 106వ సెక్షన్ అయిదేళ్లకు పెంచింది. ఇన్ని తెలిసీ కెమెరా పెట్టుకోవడమంటే తన నడతకు తానే కాపలా పెట్టుకోవడం.

లారీ డ్రైవర్ల వైపు నుంచి చూసినా ఈ పరికరం విలువ తక్కువేమీ కాదు. చిన్న వాహనం, పెద్ద వాహనం ఢీకొంటే తప్పు పెద్దదానిదేనన్న అభిప్రాయం రోడ్డుపై స్థిరపడిపోయింది. జనం కొడతారన్న భయంతోనే పారిపోతున్నామని డ్రైవర్లు చెబుతూ వచ్చారు. తప్పు తమది కాదని చూపగల కెమెరా క్యాబిన్‌లో ఉంటే సమీప పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ధైర్యం వస్తుంది. రవాణా సంస్థలు ఈ కోణంలో ఆలోచించవలసి ఉంది.

విశాఖవాసులు మరొకటి మరువరాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నౌకా నిర్మాణ కేంద్రాలు, ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరమిది. ఫొటోలు తీయరాదన్న బోర్డులు కెమెరాలున్న కార్లకూ వర్తిస్తాయి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ అమల్లో ఉంది. నిషేధిత ప్రాంగణాల్లోకి వెళ్లేటప్పుడు కెమెరా ఆపడం, భద్రతా సిబ్బంది అడిగితే తీసి చూపడం, ఆ పరిసరాల దృశ్యాలను ఎక్కడా పెట్టకపోవడం మేలు. కారులోని మాటలను కూడా నమోదు చేసే కెమెరాల్లో మైకును ఆపి ఉంచితే తోటి ప్రయాణికుల గోప్యతకు భంగం ఉండదు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

నాలుగు వేలు పెట్టినా, ఇరవై వేలు పెట్టినా కెమెరా చేసేది చూడటం వరకే. చూసినదాన్ని చెరగనీయకుండా కాపాడి, అడిగినవారికి అప్పగించవలసింది మనిషే. కూర్మన్నపాలెం దగ్గరో, షీలానగర్ మలుపులోనో రాత్రి పూట పనికి వెళ్లి తిరిగి రాని మనిషి కుటుంబానికి 2 లక్షలే గతి అవుతుందా, చట్టం చెప్పిన పూర్తి పరిహారం దక్కుతుందా అన్నది వెనకాలే వచ్చిన ఒక అపరిచితుని కార్డులో ఉండవచ్చు. ఆ కార్డు మరో తొమ్మిదిన్నర గంటల్లో చెరిగిపోతుంది.