మడ్డిని పారబోయలేదు!

పిల్లలూ, మీరు స్నానం చేసిన నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? ఊరి మురుగంతా అలాగే ఏటిలో కలిస్తే, దిగువ ఊళ్లవారికి జబ్బులు తప్పవు.

ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగునీటిని సీసాలో పోసి, అందులోకి గాలి పంపుతూ వచ్చారు. అది శుభ్రపడటానికి మొదటిసారి సుమారు ఐదు వారాలు పట్టింది! అన్నాళ్లు ఏ ఊరు ఆగుతుంది?

పైతేట వంచేసి, అడుగున మిగిలిన మడ్డిమీదనే మళ్లీ మురుగు పోశారు. ఇలా పదేపదే చేయగా, చివరకు ఒక్క రోజులోనే పని అయిపోయింది! ఆ మడ్డినిండా మురుగును తిని బతికే సూక్ష్మజీవులే మరి. 1914లో ఈ సంగతి వెల్లడించారు.

ఇప్పటికీ ఎన్నో నగరాలలో మురుగునీటి ఇంజనీరు ఆ జీవులకు రాత్రింబవళ్లు గాలి అందిస్తూనే ఉంటాడు. గాలియంత్రం ఆగిందా, కంపే ఆయనకు కబురు చెబుతుంది!