పొగ, నిప్పు, మా చెల్లెలి కూతురు

క్రిందటి నెలలో ఒక వారం ఉండి వద్దామని మాదాపూరులో మా చెల్లెలి యింటికి వెళ్ళాను. తొమ్మిదో అంతస్తు. బాల్కనీలో నిలబడితే ఒకవైపు దుర్గం చెరువు, తక్కిన వైపులన్నీ అద్దాల మేడలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి చుట్టుపక్కల చాలామటుకు బండరాళ్ళూ, పొదలూనంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

నేను వెళ్ళేసరికి ఇల్లు ఇల్లులా లేదు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి గది తలుపులు వేసుకుని కూర్చుంది. దానికి తర్కమూ, ఋజువులూ అని ఒక పాఠం ఉన్నదట. ఇరవై మార్కులకు రెండు వచ్చాయి. "నావల్ల కాదు, కాలేజీ మానేస్తాను" అని అది పట్టు పట్టింది. మా చెల్లెలు ఊరుకుంటుందా? "చదివితే మార్కులు వస్తాయి. రాలేదంటే నువ్వు చదవలేదన్న మాటే!" అని వంటింట్లోంచి కేకలు.

చదవకపోవడమేమిటి, పాపం! ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ తెల్లవారుజామున లేచి బిట్లు చేసిన పిల్ల. నాలుగు జవాబులు ఎదురుగా ఉంటే, ఏదో ఒక అంకె వేసి చూసి మూడు కొట్టేయడం దానికి వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ ఆ విద్యే కొంప ముంచింది.

జవాబు పత్రం అడిగి తీసుకున్నాను. మొదటి ప్రశ్న ఇది: ఏ సంఖ్యనైనా తీసుకుని, దాని వర్గానికి ఆ సంఖ్యనూ, 41నీ కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందా? ఇది ఆయిలరు కాలంనాటి ప్రసిద్ధమైన లెక్క. ఒకటికి 43, రెంటికి 47, మూడింటికి 53. మా పిల్ల ఇరవై దాకా వేసి చూసి, "కాబట్టి నిజము" అని వ్రాసింది.

"ఇరవైసార్లు సరిపోయింది పెద్దమ్మా! ఇంకేం కావాలి?" అంది ఉక్రోషంగా.

"నలభై వేసి చూడవే" అన్నాను.

నలభై నలభైలు, దానికి నలభై, ఆపైన 41. అంటే నలభై నలభైయొకట్లకు మరొక నలభైయొకటి చేరింది. 41 × 41. ప్రధాన సంఖ్య కాదు. సున్న నుంచి 39 దాకా నలభైమార్లు నిజం పలికి, నలభైయొకటో మాట అబద్ధమాడే సాక్షి అన్న మాట! పిల్ల కాసేపు మాట్లాడలేదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 1994లో ఇంటెల్ కంపెనీకి తెలిసివచ్చింది. పెంటియం చిప్ కొన్ని భాగహారాలను తప్పుగా చేస్తోందని ఒక లెక్కల ప్రొఫెసరు పట్టుకున్నాడు. ఆ చిప్‌ను పరీక్షించలేదా అంటే, పరీక్షించారు. కాని ఉన్న సంఖ్యలన్నీ వేసి చూడడం ఎవరి తరమూ కాదు గదా! ఆ పొరపాటుకు 47 కోట్ల 50 లక్షల డాలర్లు పోయాయి. ఆ తరువాతే చిప్‌లు చేసేవారు, పరీక్షలతోబాటు, లెక్క తప్పదని తర్కంతో ఋజువు చేసే పద్ధతిని గట్టిగా పట్టుకున్నారు.

రెండో ప్రశ్న మరీ తమాషాగా ఉంది. వర్గం సరిసంఖ్య అయితే మూలమూ సరిసంఖ్యేనని చూపాలి. మా పిల్ల "సంఖ్య సరి అనుకొందము" అని మొదలుపెట్టి, దాని వర్గం సరి అని ముగించింది. లెక్కలో తప్పు లేదు. అడిగింది ఒకటి, చెప్పింది దానికి తలక్రిందులైనది.

చిన్నప్పుడు మా తాతగారు అరుగుమీద పిల్లలకు తర్కసంగ్రహం చెబుతూండేవారు. అది మన తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో వ్రాసిన పుస్తకం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటిల్లు చూడు. నిప్పు లేనిచోట పొగ లేదు, చెరువు చూడు. ఈ రెండూ ఒకే మాటకు రెండు ముఖాలు. కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే మాత్రం ఒప్పుకోరు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండు తెచ్చి ఎదుట పెడతారు! (చెరువు ఉదాహరణకూ ఈ కాలంలో గ్యారంటీ లేదు. 2018లో బెంగుళూరులో బెళ్ళందూరు చెరువు కాస్తా అంటుకుంది.)

"అయితే మూలం సరి కాకపోతే వర్గమూ సరి కాదని చూపితే చాలా?" అంది పిల్ల, కళ్ళు పెద్దవి చేసి.

చాలును. బేసిసంఖ్య అంటే ఒక సంఖ్యకు రెట్టింపు, పైన ఒకటి. దాని వర్గంలో రెండుచేత భాగింపబడే ముక్కలు పోగా మళ్ళీ ఒకటే మిగులుతుంది. అదీ బేసే. నాలుగు పంక్తులు.

ఆ రాత్రి ఇంకో ఏర్పాటు చేసుకున్నాం. అది ఒక్కొక్క పంక్తీ పైకి చదవాలి. నేను లెక్కలు రానిదానిలా "ఎందుకని?" అని అడగాలి. జవాబు ఇంతకు ముందు పంక్తుల్లో గాని, ఇచ్చిన షరతులో గాని దొరకాలి. "అది తెలుస్తూనే ఉంది గదా" అన్నచోటల్లా పెన్సిలుతో సున్న చుట్టాం. మొదటిరోజు తొమ్మిది సున్నలు.

అది మళ్ళీ నీరుగారిపోతుంటే, వాళ్ళ యింటికి దూరం కాని సమావేశ మందిరంలో 2010 ఆగస్టులో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభ కథ చెప్పాను. అవి మన దేశంలో జరగడం అదే మొదలు. అక్కడ ఫీల్డ్స్ పతకం అందుకున్న నలుగురిలో వియత్నాంలో పుట్టిన న్గో బావో చౌ ఒకడు. ఆయన ఋజువు చేసిన సంగతి దాదాపు ముప్పై ఏళ్ళు ఎవరికీ లొంగలేదు. అది నిజమేనని నమ్మి ఎందరో దానిమీద మేడలు కట్టుకున్నారు గూడాను! ఆ సభలకు కొద్దిరోజుల ముందే, అమెరికాలో ఉన్న భారతీయ శాస్త్రజ్ఞు డొకరు, పది లక్షల డాలర్ల బహుమానం ఉన్న సమస్యకు నూరు పుటలు దాటిన ఋజువు పంపారు. వారం పదిరోజుల్లో పండితులు అందులో పూడ్చరాని కంతలు చూపించారు.

"ఆయన మానేశాడా?" అంది.

"అది నన్నడుగుతావేం? నీ సున్నలు చూసుకో" అన్నాను.

నేను బయలుదేరే నాటికి సున్నలు రెండుకు దిగాయి. రెండో పరీక్ష ఇంకా కాలేదు. కాలేజీ మాత్రం మానలేదు. ఆ ఉదయం కాఫీ ఇస్తూ మా చెల్లెలు అలవాటుగా పాతపాటే ఎత్తుకుంది: "చదివితే మార్కులు వస్తాయి, రాలేదంటే..."

"అమ్మా, రెండో మాట మొదటిదాన్నుంచి సరిగ్గానే వస్తోంది. కాని ఆ మొదటి మాటకే ఋజువు లేదు" అంది పిల్ల, పెన్సిలుతో గాలిలో సున్న చుట్టి.

మా చెల్లెలు నావంక చూసింది. నేను కాఫీలో పంచదార కలుపుకుంటూ కూర్చున్నాను.