ఆటకు హక్కుదారు ఎవరు?

పిల్లలూ! కొత్త ఆటయంత్రం వస్తోందంటే చాలు, దాని కంట్రోలరుకు ఎన్ని మీటలుంటాయోనని తరగతిలో గుసగుసలు మొదలవుతాయి. “పేటెంటు తీసుకున్నారట సార్, వచ్చేసినట్టే!” అని నాతోనే వాదిస్తారు. పేటెంటు అంటే వస్తువు కాదు. కొత్తగా కనిపెట్టినదాన్ని వివరంగా బయటపెట్టినందుకు ప్రభుత్వం కొంతకాలం ఇచ్చే హక్కు. మన దేశంలో 20 సంవత్సరాలు. పేటెంటు పొంది కూడా బజారు ముఖం చూడనివి ఎన్నో!

కంట్రోలరు మీద కూడిక గుర్తులాంటి మీట చూశారు కదా? 1982లో నింటెండో ఇంజనీరు గున్‌పెయి యొకొయ్ చేతి ఆటయంత్రం కోసం దాన్ని రూపొందించాడు. ఒకే ముక్క, మధ్యలో ఆనిక. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు, ఎడమ నొక్కితే కుడి లేస్తుంది. ఎదురెదురు దిక్కులు ఒకేసారి పడవు. ఇటువంటి ఆలోచనకు హక్కు ఇవ్వవలసిందే.

మరి ఆడే తీరుకో? 2024 సెప్టెంబరులో నింటెండో, పోకెమాన్ కంపెనీలు ‘పాల్‌వరల్డ్’ ఆట తయారుచేసిన పాకెట్‌పెయిర్ మీద టోక్యోలో దావా వేశాయి. బంతి విసిరి జంతువును పట్టే పద్ధతి వంటి పేటెంట్ల గురించే ఆ తగాదా. 1970 నాటి మన పేటెంటు చట్టం మాత్రం, 2002 సవరణ తరువాత, ఆట ఆడే పద్ధతిని నూతన కల్పనగా ఒప్పుకోదు. నాకు ఇదే సబబుగా తోస్తుంది. మన కల్లూరులో నాపరాళ్ళ మీద సుద్దతో గీసే పులి–మేక ఆటకు వీధికో నియమం పెట్టుకోవచ్చు. ఎవరినీ అడగనక్కరలేదు.

కష్టపడినవాడికి ప్రతిఫలం వద్దా అంటారేమో. అందుకు కాపీరైటు ఉంది. రేపు మీలో ఎవరైనా పులి–మేకను ఫోను ఆటగా తయారుచేస్తే బొమ్మలు, సంగీతం, రాసిన ప్రోగ్రాము మీవే. పులిని కట్టేసే ఎత్తు మాత్రం పక్కింటి పిల్లవాడూ వేయవచ్చు.